గేటు దగ్గర, గ్లాసు దగ్గర, ట్యాంకు దగ్గర
(అపార్ట్‌మెంట్ సంఘం సర్వసభ్య సమావేశంలో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వాచ్‌మన్‌నీ, ఇంటి పనికి వచ్చేవాళ్లనీ గౌరవించాలా అని అడిగితే ఈ హాల్లో కాదనేవారుండరు. అందుకే ఆ సంగతి వదిలేసి, బిల్డింగులో రోజూ జరిగే పనులే మాట్లాడుకుందాం.

ముందు పిలుపు. ‘నువ్వు’ అన్నంత మాత్రాన చిన్నచూపు కాదు. మన పల్లెల్లో కన్నతల్లినీ నువ్వనే అంటాం. తేడా తెలియాలంటే ఎదుటివాళ్ల జవాబు వినాలి. ఇంటర్ చదివే కుర్రాడు అరవై ఏళ్ల వాచ్‌మన్‌తో ‘గేటు తియ్యి’ అంటాడు. ఆయన ‘తీస్తున్నా సార్’ అంటారు. కుర్రాడితో ఆయన కూడా ‘కాస్త జరుగు’ అనగలిగితే అది చనువు. అనలేరుగా! ‘అక్కా’ అని నోరారా పిలిచి, టీ మాత్రం విడిగా పెట్టిన గ్లాసులో పోసే ఇళ్లూ ఉన్నాయి. కిటికీలో బోర్లించి ఉంటుంది, ఇంట్లోవాళ్లెవరూ ముట్టుకోరు. శుభ్రత కోసమంటారు. మన కంచాలు తోమేది ఆ చేతులే కదండీ.

ఇక టాయిలెట్. పొద్దున ఏడింటికొచ్చి నాలుగిళ్లు చూసుకుని పన్నెండింటికి వెళ్లే ఆవిడ ఈలోపు ఎక్కడికి వెళ్తారు? నీళ్లు తాగడం మానేస్తారు, ఆపుకుంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు అలాగే మొదలవుతాయి. చాలాచోట్ల సెల్లార్‌లో టాయిలెట్ ఉంటుంది గానీ అందులో పెయింటు డబ్బాలుంటాయి, తాళం కమిటీ దగ్గరుంటుంది. లోపల గడియ, బల్బు, నీళ్లు, మూత ఉన్న బుట్ట ఉండాలి. బయట తాళం ఉండకూడదు.

చెత్త విషయంలో ఒక్కటే చెప్తాను. పగిలిన గాజు అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, పైన ‘గాజు’ అని రాయండి. నల్ల కవర్లో పడేస్తే, దాన్ని విప్పి వేరు చేసేవాళ్ల వేళ్లు తెగుతాయి. ప్యాడ్లు, డైపర్లు చుట్టి ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యతేనని 2016 నాటి చెత్త నిర్వహణ నియమాలే చెప్పాయి.

అసలు భయం సెప్టిక్ ట్యాంకుతో. మూత తీసి రెండు గంటలు వదిలేస్తే గ్యాసంతా పోతుందనుకుంటారు. పోదు. ట్యాంకులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు. అడుగున నిలుస్తుంది, మడ్డి కదిపితే మళ్లీ పైకొస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన తగ్గిందని దిగిన మనిషి పడిపోతాడు, లాగడానికి దిగిన రెండో మనిషీ పోతాడు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించితే, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

మడ్డిని పైపుతో లాగేసే సక్షన్ బండినే పిలవండి. అడుగున గట్టిపడిన మడ్డి రాకపోతే నీళ్లు ప్రెషర్‌తో కొట్టించి మళ్లీ లాగించండి. ‘అయిదు నిమిషాలు దిగితే అయిపోద్ది సార్’ అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. ‘మనిషిని దించం’ అని రాసివ్వని కొటేషన్‌ను, ఎంత తక్కువైనా, పక్కన పెట్టేయండి.