ఎం.ఏ. ఎకనామిక్స్ తర్వాత పరిశోధన: ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం.

చెన్నైలో ఎకనామిక్స్ చదువుతున్న తెలుగు పిల్లలను ఇంతమందిని ఒకచోట చూడటం చాలా సంతోషం. ఎం.ఏ. అయ్యాక ఏంటన్న టెన్షన్ మీ అందరికీ ఉంది. కొందరికి వెంటనే పీహెచ్‌డీలో చేరిపోవాలని తొందర. చేరేముందు ఒకటి రెండేళ్లు రీసెర్చ్ అసిస్టెంటుగా పనిచేయమని నా సలహా. అందులోనూ సర్వే ఉన్న ప్రాజెక్టు చూసుకోండి.

క్లాసులో మన చేతికి డేటా తయారై వస్తుంది. అదెలా తయారైందో ఊళ్లోకి వెళ్తేగానీ తెలియదు. దేశంలో ఎవరెవరు ఏం పని చేస్తున్నారో ప్రభుత్వం తెలుసుకునే పీఎల్ఎఫ్ఎస్ సర్వే తీసుకోండి. చేసే పనిని బట్టి మనిషికో కోడ్ ఇస్తారు. సొంతంగా పని చేసుకునేవారికి 11, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయపడేవారికి 21, కేవలం ఇంటి పనులు చూసుకునేవారికి 92. ప్రకాశం జిల్లాలో ఒకావిడను "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగామనుకోండి. "ఏం లేదయ్యా, ఇంట్లోనే ఉంటా" అంటుంది. అక్కడితో ఆగితే ఆవిడ 92. "గేదెలున్నాయా? పాలెవరు పితుకుతారు? పాల కేంద్రానికి ఎవరు పోస్తారు?" అని అడిగితే, తెల్లవారకముందే లేచి ఆ పనంతా చేసేది ఆవిడేనని తేలుతుంది. అప్పుడు 11 గానీ 21 గానీ పడుతుంది. ఆవిడ శ్రామికుల లెక్కలోకి వస్తుంది. ఆడవాళ్ల ఉపాధి మీద మనం రాసే పేపర్లన్నీ ఇలాంటి జవాబుల మీదే నిలబడి ఉన్నాయి. అందుకే ఈ పని చిన్నదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇక్కడ మీ తెలుగు మీకు పెద్ద బలం. ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో ఇస్తే ఏమవుతుందని ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో పరిశీలించారు. డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో కాజేయడం తగ్గిందనీ తేలింది. అలాంటి అధ్యయనంలో కూలీ చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకునే మనిషి కావాలి.

ఉద్యోగం వచ్చేదాకా ఊరికే కూర్చోకండి. పీఎల్ఎఫ్ఎస్ కుటుంబాల వారీ డేటా గణాంక శాఖ సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఆంధ్ర, తెలంగాణ వరకు తీసుకుని, ప్రభుత్వ నివేదికలోని ఒక్క పట్టికను మీరే మళ్లీ తయారుచేయండి. లెక్కలకు వాడే స్టాటా సాఫ్ట్‌వేర్ లేకపోతే ఆర్ (R) చాలు, దానికి డబ్బు పెట్టక్కర్లేదు. మీ అంకె వాళ్ల అంకెతో కలవకపోతే ముందు మల్టిప్లయర్, అంటే సర్వే చేసిన కొద్దిమంది లెక్కను మొత్తం జనాభాకు పెంచే గుణకం, సరిగా వేశారో లేదో చూడండి. కలిసేదాకా వదలొద్దు. ఇంటర్వ్యూలో మార్కుల లిస్టు కన్నా ఆ పట్టిక కోసం మీరు రాసిన ప్రోగ్రామ్ ఫైలే మీ గురించి ఎక్కువ చెబుతుంది.

ఇంట్లోవాళ్లు స్థిరమైన ఉద్యోగమే కావాలంటే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష ఉంది, రిజర్వు బ్యాంకులో ఎకనామిస్టు పోస్టులున్నాయి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు వీటికి చదవడంలో తప్పేమీ లేదు.

అడయార్‌లో ఎంఐడీఎస్ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్), కోట్టూర్‌పురంలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మీకు దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడ సెమినార్లకు వెళ్లండి. వెనక వరుసలో కూర్చున్నా సరే, ఆ రోజు చర్చించే పేపరు ముందే చదువుకుని వెళ్లి ఒక ప్రశ్న అడగండి.