ఎదురుగా కూర్చుంటే ఎర ముట్టని గార్టర్ పాము

‘ఆకలి రుచెరుగదు’ అన్న సామెత మనుషుల విషయంలో ఎంత నిజమోగాని, ఉత్తర అమెరికాకు చెందిన సన్నని చారల పాములైన పెంపుడు గార్టర్ పాముల విషయంలో మాత్రం చాలా చెరుపు చేస్తోంది. పాము ఎర ముట్టడం లేదని ఎవరైనా వాపోగానే, కొన్నాళ్లు కడుపు మాడిస్తే మొండితనం దిగి దానంతట అదే తింటుందన్న సలహా సిద్ధంగా ఉంటుంది. ఆ సలహా మీది చిరాకుతోనే ఈ వీడియో చేస్తున్నాను. చాలా సందర్భాల్లో ఆ పాముకు ఆకలి లేక కాదు, మీరు ఎదురుగా ఉన్నందువల్ల తినడం లేదు. దాని ఆకలిని ఎంత పెంచినా దాని కంటికి మీరు చిన్నవారైపోరు.

మొహమాటస్తుడైన ఒక అతిథిని ఊహించుకోండి. అతని ముందు భోజనం పెట్టి, ఇంటివారంతా చుట్టూ నిలబడి ప్రతి ముద్దనూ గుడ్లప్పగించి చూస్తున్నారు. ఒకాయన మరీ ఉత్సాహపడి ముద్ద కలిపి అతని ముక్కు దగ్గర ఆడిస్తున్నాడు. కడుపు కాలుతున్నా ఆ అతిథి “ఇప్పుడే తినొచ్చానండి” అంటాడు. పాముకు ఆ మాట అనడం రాదు కనుక తల వెనక్కి లాక్కుంటుంది, ఒళ్లు బల్లపరుపుగా చేస్తుంది, అదీ చాలకపోతే దుర్వాసన గల ద్రవాన్ని వదిలి ఏ మూలకో పారిపోతుంది. దీన్నే మనం మొండితనం అంటున్నాం.

అయితే అతిథికి పోయేది మర్యాద మాత్రమే, పాముకు పోయేది ప్రాణం. గార్టర్ పాము కొండచిలువలా ఎరను చుట్టి చంపదు. నోటితో పట్టుకుని, ఎర కొట్టుకుంటూ ఉండగానే మింగడం మొదలుపెడుతుంది. అంతసేపూ దాని నోరు ఖాళీగా ఉండదు కనుక కరవలేదు, చురుగ్గా తప్పించుకోనూ లేదు. మింగిన తరువాతా గండం గడవదు: కడుపు నిండిన గార్టర్ పిల్లలు ఖాళీ కడుపుతో ఉన్నవాటికంటే త్వరగా అలసిపోతాయని 1983లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేలింది. గద్దలకూ కాకులకూ ఆహారమయ్యే ఇంత చిన్న జీవి, పైనుంచి ఒక పెద్ద నీడ కదులుతుండగా భోజనానికి కూర్చోదు. ఎర పట్టుకున్న మీ చేతిలోని పటకారు దిగి వచ్చేది సరిగ్గా ఆ పైనుంచే.

మరి ఎదురుగా ఆడించకపోతే ఎర ఉందని దానికి ఎలా తెలుస్తుంది? నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. గార్టర్ పాము కదలికను గమనిస్తుంది, నిజమే, కాని తుది నిర్ణయం నాలుకది. నాలుక బయటికి చాచి సేకరించిన రసాయన కణాలు అంగిలిలోని జాకబ్సన్ అవయవానికి చేరినప్పుడు, ఎదుట ఉన్నది తినేదో కాదో తేలుతుంది. 1960లలో గోర్డన్ బర్గార్ట్ అనే శాస్త్రవేత్త, అప్పుడే పుట్టి ఇంకా ఏమీ తినని గార్టర్ పిల్లల ముందు వానపాము సారంలో తడిపిన దూదిని పెడితే, అవి నాలుకలు వేగంగా ఆడించి, చివరికి దూది మీదికే దాడి చేశాయి. అంటే మా అతిథికి వంటింటి వాసన చాలు, వడ్డించేవాడు పక్కన నిలబడనక్కరలేదు.

కాబట్టి చేయవలసినది వడ్డించి తప్పుకోవడం. గాజు పెట్టెకు మూడు వైపులా కాగితం అంటించండి, పాము దూరే గూటి పక్కనే నిలువు అంచులున్న గిన్నెలో వానపాము ముక్కలు పెట్టండి, గదిలోంచి బయటికి వెళ్లండి. రాత్రి పెట్టి పొద్దున చూడమనే సలహా రాత్రిపూట తిరిగే పాములకు తగినది. గార్టర్ ప్రధానంగా పగటి జీవి, పొద్దున దీపం కింద ఒళ్లు కాచుకున్న తరువాతే దానికి భోజన వేళ. చూడాలన్న కోరిక ఆగకపోతే ఫోన్‌ను రికార్డింగులో పెట్టి వెళ్లండి. వారాలు గడిచేకొద్దీ ఒక్కో అడుగు దగ్గరగా నిలబడితే చాలా పాములు అలవాటు పడతాయి, కొన్ని ఎన్నటికీ పడవు. పడకపోతే వచ్చిన నష్టమేమీ లేదు. చేతినుంచి తినిపించడం మన ముచ్చటే తప్ప పాము అవసరం కాదు.

భయం కాని కారణాలూ ఉన్నాయి. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారినప్పుడు చాలా పాములు తినవు. పెట్టెలో వెచ్చని మూల 28–30 డిగ్రీల సెల్సియస్ లేకపోతే తిన్నది అరగదు. చలిగదిలో కూర్చోబెట్టిన అతిథి ఆకలిని తప్పుపట్టి లాభం లేదు. ఇక సామెతకు అసలు జవాబు కెనడాలోని మానిటోబాలో దొరుకుతుంది: అక్కడి ఎర్రచారల గార్టర్లు దాదాపు ఎనిమిది నెలలు తిండి లేకుండా నేల కింద గడిపి వసంతంలో బయటికి వస్తాయి, అయినా జతకట్టే రోజుల్లో మగవి ఎరవైపు కన్నెత్తి చూడవు.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. కంపోస్టులో వాడే ఎర్ర వానపాములను పెట్టకండి, అవి గార్టర్లకు హాని చేస్తాయి. గోల్డ్‌ఫిష్ వంటి కొన్ని చేపల్లోని థయమినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను నాశనం చేస్తుంది, గడ్డకట్టించినా ఆ గుణం పోదు. రెండు పాములుంటే విడివిడిగా పెట్టండి, ఎందుకంటే ఒకే ముక్కను రెండు చివర్ల పట్టుకుంటే ఒకటి రెండోదాన్ని కూడా మింగబోతుంది. పుట్టిన పిల్లలకు ఒంట్లో నిల్వలు తక్కువ, వాటి విషయంలో వారాల తరబడి వేచి చూడకూడదు. ఏ వయసు పామైనా బరువు తగ్గుతున్నా, తిన్నది కక్కుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా సరీసృపాలు తెలిసిన పశువైద్యుడికి చూపించండి. ఇక గిన్నె ఖాళీగా కనిపించగానే సంబరపడకండి: వానపామును ముక్కలు చేయకుండా పెట్టి ఉంటే, అది గిన్నె దాటి అడుగున పరిచిన మట్టిలోకి దూరి ఉండవచ్చు, ముందు అక్కడ వెతకండి.