షాంపేన్‌కు బదులు జింజర్ ఏల్: జోష్ హామిల్టన్ పునరాగమనంపై చర్చ

(పాల్గొన్నవారు: కార్యక్రమ వ్యాఖ్యాత, అమెరికా క్రీడలను చాలాకాలంగా గమనిస్తున్న క్రీడా పాత్రికేయుడు, హైదరాబాద్‌లో వ్యసన చికిత్స అందిస్తున్న మానసిక వైద్యురాలు, డాలస్ నుంచి వీడియో ద్వారా చేరిన తెలుగు బేస్‌బాల్ అభిమాని.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. 2008 జూలై 14 రాత్రి న్యూయార్క్‌లోని పాత యాంకీ స్టేడియంలో జరిగిన హోమ్ రన్ డెర్బీలో, అంటే హోమ్ రన్‌లు కొట్టే పోటీలో, టెక్సస్ రేంజర్స్ ఆటగాడు జోష్ హామిల్టన్ ఒకే రౌండ్‌లో 28 హోమ్ రన్‌లు కొట్టాడు. బేస్‌బాల్ అంతగా పరిచయం లేని ప్రేక్షకుల కోసం ఒక మాట చెబుతాను. బంతి కంచె దాటి జనంలో పడితే హోమ్ రన్ అంటారు, మన క్రికెట్ సిక్సర్‌కు అది దగ్గరి బంధువు. అలా బాదడమే ప్రధాన బలంగా ఉన్న బ్యాటర్‌ను స్లగ్గర్ అంటారు. ఆ రాత్రికి మూడేళ్ల క్రితం ఈ ఆటగాడు కొకైన్‌కు బానిసై, ఆట నుంచి నిషేధానికి గురై, ఉండడానికి చోటు లేక అమ్మమ్మ ఇంటి తలుపు తట్టాడు. పాత్రికేయుల వారితో మొదలుపెడదాం. అంత ప్రతిభ ఉన్నవాడు అక్కడికి ఎలా చేరాడు?

పాత్రికేయుడు: అమెరికాలో ప్రతి ఏటా జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. 1999లో దేశం మొత్తం మీద మొట్టమొదటి ఎంపిక ఇతనే. నార్త్ కరోలినాలోని రాలీ పట్టణానికి చెందిన 18 ఏళ్ల హైస్కూలు కుర్రాడికి ట్యాంపా బే డెవిల్ రేస్ జట్టు 39 లక్షల 60 వేల డాలర్లు ఇచ్చి సంతకం చేయించుకుంది. తల్లిదండ్రులు ఉద్యోగాలు వదులుకుని, అతను ఎక్కడ ఆడితే అక్కడికి వెంట వెళ్లి, వండిపెట్టి, కంటికి రెప్పలా చూసుకున్నారు. 2001 ఆరంభంలో ఫ్లోరిడాలో వారు ముగ్గురూ వెళ్తున్న వాహనాన్ని ఒక ట్రక్కు ఢీకొంది. వైద్యం కోసం తల్లిదండ్రులు సొంతూరికి వెళ్లిపోగా, నడుము నొప్పితో ఆడలేని స్థితిలో ఇతను ఒక్కడే మిగిలాడు. పొద్దుపోక ఒక పచ్చబొట్ల దుకాణానికి వెళ్లి గంటల తరబడి కూర్చునేవాడు. ఒకదాని తరువాత ఒకటిగా ఒంటి మీద 26 పచ్చబొట్లు వేయించుకున్నాడు, అక్కడి పరిచయాలతోనే మద్యం, ఆ తరువాత కొకైన్ అలవాటయ్యాయి. 2004లో నిషేధం పడింది. 2003 నుంచి 2005 వరకు మూడు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

వైద్యురాలు: ఆ పచ్చబొట్ల దుకాణం దగ్గర కాసేపు ఆగాలని నాకు అనిపిస్తుంది. 20 ఏళ్ల వయసు, చేతినిండా డబ్బు, ఒంట్లో నొప్పి, చేయడానికి పని లేదు, మాట్లాడడానికి మనిషి లేడు. పుట్టినప్పటి నుంచి బంతి, బ్యాట్ తప్ప మరొకటి తెలియని ఆ పిల్లవాడికి అమ్మానాన్నలు లేని మొదటి సాయంత్రాలు అవే. చెడు స్నేహాలు అనే ఒక్క మాటతో మనం సరిపెట్టేస్తాం కానీ, ఆ కుర్చీలో అతను వెతుక్కున్నది తోడు. ఆ తోడుతో పాటే మత్తు వచ్చింది. క్రాక్ అనే రూపంలో కొకైన్ పొగగా పీల్చినప్పుడు కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది, కొద్ది నిమిషాల్లో ఆ ఊపు తగ్గిపోతుంది, తగ్గిన వెంటనే మళ్లీ కావాలనిపిస్తుంది. ఆ మత్తుతో పాటు ఆ మనుషులను, ఆ చోటును, చేతిలోని నోట్ల స్పర్శను కూడా మెదడు గుర్తుపెట్టుకుంటుంది. మానేసిన ఎన్నో ఏళ్లకు కూడా వాటిలో ఏదో ఒకటి ఎదురైతే కోరిక నిద్ర లేస్తుంది.

వ్యాఖ్యాత: అక్కడి నుంచి మలుపు ఎప్పుడు వచ్చింది?

పాత్రికేయుడు: 2005 అక్టోబరులో. బాగా చిక్కి శల్యమై రాలీలోని అమ్మమ్మ మేరీ హోల్ట్ ఇంటికి చేరాడు. ఆమె గది ఇచ్చింది, అన్నం పెట్టింది. అతను ఆ ఇంట్లోనూ కొకైన్ వాడాడు. అది తెలిసిన రోజున ఆ పెద్దావిడ అతన్ని ఎదురుగా నిలబెట్టి, ఇలా నిన్ను నువ్వు చంపుకుంటుంటే నేను చూస్తూ ఊరుకోలేనని కన్నీళ్లతో నిలదీసింది. అంతకు ముందు ఎన్నో చికిత్సా కేంద్రాలు చేయలేని పని ఆ మాటలు చేశాయని అతనే తరువాత చెప్పుకున్నాడు.

వైద్యురాలు: ఇక్కడ నేను కాస్త అడ్డుపడాలి. అమ్మమ్మ మాటే మార్చిందంటే వినడానికి బాగుంటుంది, నేనూ ఆ ఘట్టం చదివినప్పుడు కదిలిపోయాను. అయితే అంతకు ముందు జరిగిన చికిత్సలు వృథా అని అనుకోకూడదు. అతనికి ఏది మత్తు, ఏది రోగం, సాయం ఎక్కడ దొరుకుతుంది అన్నవి ఆ కేంద్రాలలోనే తెలిశాయి. ఆమె మాట తగిలే సమయానికి వినడానికి కావలసిన నేల కొంత సిద్ధమై ఉంది. మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు మూడుసార్లు చేర్పించాం డాక్టరమ్మా, ఇక లాభం లేదని అంటారు. నాలుగోసారి తీసుకురమ్మని నేను వారిని బతిమాలుతుంటాను.

డాలస్ అభిమాని: డాక్టర్ గారు అన్నది నిజమేనండీ. ఇక్కడ మా ఆఫీసులో చాలామంది డెర్బీ రాత్రి గురించే మాట్లాడతారు గానీ, నాకు మాత్రం క్లియర్‌వాటర్ సంగతి ఎక్కువ ఇష్టం.

వ్యాఖ్యాత: అదేమిటో చెప్పండి.

డాలస్ అభిమాని: 2006 మొదట్లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో రాయ్ సిల్వర్ అనే ఆయన నడిపే ఒక బేస్‌బాల్ శిక్షణ కేంద్రం ఇతన్ని చేరదీసింది. ఉదయం మరుగుదొడ్లు కడగాలి, చెత్త ఎత్తాలి, మైదానంలో మట్టి చదును చేయాలి. ఆ పని అయ్యాకే బ్యాట్ పట్టుకుని సాధన చేసుకోవచ్చు. రాత్రి అక్కడే ఒక ఆఫీసు గదిలో గాలి పరుపు మీద పడుకునేవాడు. ఏడేళ్ల క్రితం దేశంలోనే మొదటి ఎంపికగా పత్రికల నిండా ఫొటోలు వచ్చిన మనిషి, చేతిలో బ్రష్షుతో టాయిలెట్ ముందు మోకాళ్ల మీద కూర్చున్న దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. అక్కడ చూసేవాళ్లు లేరు, చప్పట్లు లేవు. నా దృష్టిలో అతను తిరిగి వచ్చింది అక్కడే.

పాత్రికేయుడు: అదే ఏడాది జూన్‌లో ఆడేందుకు అనుమతి వచ్చింది. చిన్న స్థాయి లీగ్‌లో 15 మ్యాచ్‌లు ఆడాడు. డిసెంబరులో రూల్ 5 డ్రాఫ్ట్ అనే పద్ధతిలో చికాగో కబ్స్ జట్టు ఇతన్ని తీసుకుని వెంటనే సిన్సినాటి రెడ్స్‌కు అమ్మేసింది. ఆ పద్ధతిలో తీసుకున్న ఆటగాణ్ని సీజన్ అంతా పెద్ద జట్టులోనే ఉంచుకోవాలి, లేదంటే పాత జట్టుకు వాపసు ఇవ్వజూపాలి. అంటే కింది లీగ్‌లకు పంపి నెమ్మదిగా తీర్చిదిద్దుకునే వీలు లేదు. 2007 ఏప్రిల్ 2న సొంత మైదానంలో కబ్స్ మీదే తొలిసారి బ్యాటింగ్‌కు వస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెనుక కూర్చున్న ప్రత్యర్థి క్యాచర్ మైకేల్ బ్యారెట్ కూడా, ఇది నీకు దక్కాల్సిందే, తనివితీరా ఆస్వాదించు అన్నాడట. ఆ ఏడాది 90 మ్యాచ్‌లలో 19 హోమ్ రన్‌లు కొట్టాడు. అయితే ఆ సీజన్‌లో నేను చూపించదలచిన మనిషి జానీ నారన్.

వ్యాఖ్యాత: ఆయన కోచ్ కదా?

పాత్రికేయుడు: అవును, అప్పటి రెడ్స్ మేనేజర్ (బేస్‌బాల్‌లో ప్రధాన కోచ్) జెర్రీ నారన్ అన్న, హామిల్టన్‌ను కుర్రతనం నుంచి ఎరిగినవాడు. పరాయి ఊళ్లకు ఆడడానికి వెళ్లినప్పుడు ఆటగాళ్లకు ఇచ్చే భోజన భత్యం హామిల్టన్ చేతికి వచ్చేది కాదు, ఆయన దగ్గరే ఉండేది. కాఫీ తాగాలన్నా ఆయన్నే అడగాలి. దానికి తోడు వారానికి మూడుసార్లు మూత్ర పరీక్ష. కోట్ల డాలర్ల ప్రతిభ ఉన్న 26 ఏళ్ల మనిషి జేబులో ఇరవై డాలర్ల నోటు ఉండేది కాదు.

వైద్యురాలు: ఈ ఏర్పాటు విన్నప్పుడు నాకు చాలా ముచ్చటేసింది, కారణం చెబుతాను. మన ఇళ్లలోనూ అబ్బాయి చేతికి డబ్బు ఇవ్వరు, ఫోన్ లాగేసుకుంటారు, బండి తాళాలు దాచేస్తారు. అది శిక్షగా చేస్తారు, వాడూ దాన్ని శిక్షగానే తీసుకుని దారులు వెతుకుతాడు. ఇక్కడ హామిల్టన్ తనంతట తాను ఒప్పుకున్నాడు. తన బలహీనత ఎక్కడుందో తనకు తెలుసు కాబట్టి, తాను నమ్మిన మనిషి చేతికి తాళం ఇచ్చాడు. పైకి రెండూ ఒకేలా కనిపించినా, మొదటిది కాపలా అవుతుంది, రెండోది ఒప్పందం అవుతుంది. మా దగ్గర కుటుంబంతో కూర్చున్నప్పుడు ఈ ఒప్పందం కుదర్చడానికే ఎక్కువ సమయం పడుతుంది.

వ్యాఖ్యాత: తరువాత టెక్సస్ వచ్చాడు. 2008లో 32 హోమ్ రన్‌లు, 130 ఆర్‌బీఐలు, అంటే తన బ్యాటుతో జట్టుకు తెచ్చిన పరుగులు. పెద్ద స్థాయి బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో ఆ అంకె అందరికంటే ఎక్కువ. డెర్బీ ఆ ఏడాదే జరిగింది.

డాలస్ అభిమాని: డెర్బీలో బంతులు వేసినవారు క్లే కౌన్సిల్ అనే 71 ఏళ్ల పెద్దాయన. రాలీలో పిల్లలకు ఉచితంగా నేర్పేవారు. ఎప్పుడైనా డెర్బీకి వెళ్తే మీరే బంతులు వేయాలని ఇచ్చిన మాటను ఇతను నిలబెట్టుకున్నాడు. మొదటి రౌండ్‌లో 28 కొట్టి, చివరి రౌండ్‌లో అలసిపోయి జస్టిన్ మోర్నో చేతిలో 5-3 తేడాతో ఓడిపోయాడు. గెలిచినవాడి పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

పాత్రికేయుడు: నాకున్న అభ్యంతరం కూడా అక్కడే మొదలవుతుంది. ఆ రాత్రితో పత్రికలు, టీవీలు కథకు శుభం కార్డు వేసేశాయి. ఆర్నెల్ల తరువాత, 2009 జనవరిలో, అరిజోనాలోని టెంపేలో ఒక బార్‌లో ఇతను తాగాడు. మరుసటి రోజే భార్యకు, జట్టుకు, లీగ్‌కు తానే చెప్పాడు. ఆగస్టులో ఫొటోలు బయటకు వచ్చాక జనం మోసపోయినట్టు మాట్లాడారు. నేరుగా చెప్పాల్సిన వారందరికీ అతను నిజం చెప్పాడు. మోసపోయామని అన్నవాళ్లు తాము ముందే ముగించుకున్న కథ చేతిలో మోసపోయారు.

వైద్యురాలు: అమెరికాలోని మాదకద్రవ్య వ్యసన జాతీయ సంస్థ అంచనా ప్రకారం చికిత్స తీసుకున్నవారిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ ఒకసారైనా కాలు జారతారు. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారిలో వ్యాధి తిరగబెట్టే శాతం కూడా దాదాపు అంతే. బీపీ మళ్లీ పెరిగిన మనిషిని ఎవరూ ద్రోహి అనరు. అతను మరుసటి రోజే చెప్పడం నా లెక్కలో ఏ హోమ్ రన్ కంటే తక్కువ కాదు.

డాలస్ అభిమాని: డాక్టర్ గారూ, ఒక్క మాట. అభిమానుల వైపు నుంచి కూడా చూడాలి కదండీ. మేము పిల్లలకు చూపించి ఇలా ఉండాలని చెప్పిన మనిషి అతను. మా బాధ బూటకం కాదు.

వైద్యురాలు: బూటకమని నేను అనను. ఆ బాధ ఉన్నచోటే, మళ్లీ వచ్చి చెప్పుకోగలిగే దారి కూడా ఉంచమంటాను. ఒప్పుకుంటే అందరూ దూరమవుతారని తెలిసినవాడు రెండోసారి దాచేస్తాడు.

వ్యాఖ్యాత: ఆ దారి ఉంచిన జట్టు సంగతికి వద్దాం. 2010.

పాత్రికేయుడు: 2010లో బ్యాటింగ్ సగటు .359 (అంటే వెయ్యి అవకాశాలకు 359 హిట్‌ల లెక్క), హోమ్ రన్‌లు 32, అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం. గోడకు గుద్దుకుని పక్కటెముకలు విరిగి సెప్టెంబరులో చాలావరకు ఆడకపోయినా అది దక్కింది. అక్టోబరులో రేంజర్స్ మొదటి ప్లేఆఫ్ సిరీస్‌ను ట్యాంపా బే జట్టు సొంత మైదానంలో గెలిచింది. ఎదుటి జట్టు, పదకొండేళ్ల క్రితం ఇతని మీద 39 లక్షలు పెట్టిన ఆ పాత జట్టే. గెలిచిన జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లో ఒకరి మీద ఒకరు షాంపేన్ చిమ్ముకోవడం ఆనవాయితీ. హామిల్టన్ లాంటివాడు ఆ గదిలో ఉండలేడు, ఆ వాసనే ప్రమాదం. అందుకని సహచరులు ముందుగా జింజర్ ఏల్ సీసాలు తెప్పించారు. అది మత్తు లేని అల్లం సోడా. అతన్ని మధ్యలో నిలబెట్టి, చుట్టూ చేరి, తల నుంచి కాళ్ల దాకా తడిపేశారు. కళ్లద్దాలు పెట్టుకున్న ఆ భారీ మనిషి నురగలో తడుస్తూ చిన్నపిల్లవాడిలా గెంతుతున్న దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. షాంపేన్ ఆ తరువాతే. ఆపై తదుపరి సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ జట్టు మీద 4 హోమ్ రన్‌లు కొట్టి ఆ సిరీస్ ఉత్తమ ఆటగాడయ్యాడు, జట్టు తన చరిత్రలో తొలిసారి ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌కు వెళ్లింది.

వైద్యురాలు: పాతికమంది మగవాళ్లు, గెలిచిన ఊపులో, ముందు ఇతని సంగతి చూద్దామని అనుకోవడం మామూలు విషయం కాదు. మన పెళ్లిళ్లలో, పార్టీలలో మానేసినవాడిని పట్టుకుని ఒక్క పెగ్గుకే ఏమవుతుందిరా అని బలవంతం చేసేవారిని ఎంతమందిని చూశాం!

వ్యాఖ్యాత: 2012లో 43 హోమ్ రన్‌లు కొట్టాక ఏంజెల్స్ జట్టు అయిదేళ్లకు 12 కోట్ల 50 లక్షల డాలర్లకు తీసుకుంది. అక్కడ ఆట, ఆరోగ్యం రెండూ సాగలేదు.

పాత్రికేయుడు: 2015 ఆరంభంలో మళ్లీ జారాడు, మళ్లీ తానే లీగ్‌కు చెప్పాడు. చికిత్స నియమాలను అతిక్రమించలేదని మధ్యవర్తి తీర్పు ఇచ్చాడు, అయినా జట్టు ఉంచుకోవడానికి ఇష్టపడలేదు. ఏప్రిల్‌లో టెక్సస్‌కే తిరిగి వచ్చాడు.

డాలస్ అభిమాని: మే 31న బోస్టన్ మీద మ్యాచ్‌కు నేను ఆర్లింగ్టన్ స్టేడియంలో ఉన్నాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వేరొకరి బదులు బ్యాటింగ్‌కు వచ్చి, ఒక్క దెబ్బతో మ్యాచ్ గెలిపించాడు. మూడేళ్లుగా అతన్ని తిట్టిన జనమే లేచి నిలబడ్డారు. నేనూ అరిచాను. ఆ సీజనే అతనికి ఆఖరిది.

వ్యాఖ్యాత: చివరగా ఒక కష్టమైన విషయం తప్పించుకోలేను. 2019లో రేంజర్స్ ఇతనికి తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే తమ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాలో, చోటిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో తన కూతురిని గాయపరిచాడన్న అభియోగంపై అరెస్టయ్యాడు, 2022లో అంతకంటే తక్కువ స్థాయి నేరాన్ని అంగీకరించాడు. దీన్ని ఎలా చూడాలి?

వైద్యురాలు: వ్యసనం రోగమే గానీ, బిడ్డకు జరిగిన దానికి అది సమాధానం కాలేదు. ఆ విషయంలో నేను నీళ్లు నమలను. అతని కోలుకోవడం గురించి నేను చెప్పినవన్నీ నిజమే, ఆ పాప పక్షాన నిలబడాలన్నదీ నిజమే.

వ్యాఖ్యాత: డాలస్ నుంచి మీరు చెప్పండి. అతని పేరున్న జెర్సీ మీ దగ్గర ఉందని కార్యక్రమానికి ముందు అన్నారు.

డాలస్ అభిమాని: ఉందండీ, 32వ నంబరు. 2010లో మా ఆవిడ పుట్టినరోజు కానుకగా కొనిపెట్టింది. 2019 అక్టోబరు తరువాత మళ్లీ వేసుకోలేదు. పారేయమని ఒకరిద్దరు స్నేహితులు అన్నారు, నాకు చేతులు రాలేదు. బీరువాలో పై అరలో, చలికోట్ల కింద మడతపెట్టి ఉంది.