నెట్ లేని గదిలో కంప్యూటర్ పాఠం

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి చిత్తూరు జైలుకు వెళ్లి ఖైదీలకు కంప్యూటర్ పాఠం చెప్పాలనుకునే అధ్యాపకులు ఇక్కడ ఉన్నారు కాబట్టి నేరుగా పనిలోకి వెళ్దాం.

ఆరు నెలల కోర్సు రాసుకుని వెళ్లకండి. దేశంలోని జైళ్లలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. ఇవాళ ముందు వరసలో కూర్చున్నతనికి రేపు బెయిలు రావచ్చు, లేదా కోర్టు వాయిదాకు వెళ్లాల్సి రావచ్చు. ఏ పాఠమైనా ఆ రోజు గంటన్నర తరగతిలోనే మొదలై అందులోనే ముగియాలి. అర్జీ ఒకటి టైపు చేసి ప్రింటు తీయడం, వారం కూలి లెక్క షీట్‌లో కూడటం, అంతవరకే.

కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ ఒకటి చాలు. ఒక పోర్టు సర్వరుకు, ఏడు కంప్యూటర్లకు. పాత డెస్క్‌టాప్‌లే మేలు, కేబుల్ ఎటు పోతోందో వార్డరుకు కంటికి కనిపిస్తుంది. సర్వరుకు రాస్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్, దాని మీద నెట్ లేకుండానే పాఠాలు చూపించే కోలిబ్రి సాఫ్ట్‌వేర్. పాఠాలు బయటే దించుకుని లోపలికి తీసుకెళ్లాలి. రాస్‌బెర్రీ పై లోపలున్న వైఫై, బ్లూటూత్ ఆపించడం మరిచిపోతే గేటు దగ్గరే ఆగిపోతారు. వాళ్లు మిమ్మల్ని ఆపడం న్యాయమే.

కరెంటు పోతే రెండు తిప్పలు. మెమరీ కార్డు పాడవొచ్చు, అందుకు చిన్న యూపీఎస్ పెట్టండి. రెండోది ఎవరికీ తట్టదు. రాస్‌బెర్రీ పై 4లో బ్యాటరీ గడియారం ఉండదు. నెట్ లేదు కాబట్టి సమయం సరిదిద్దుకోలేదు, హాజరు తేదీలన్నీ తప్పుతాయి. డీఎస్ 3231 అనే బ్యాటరీ గడియారం ముక్క తగిలిస్తే సరి.

టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి, అది భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉన్న కీబోర్డు అమరిక. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. 'క్ర' కావాలంటే క, పొల్లు, ర వరసగా నొక్కాలి. చిత్తూరు మూడు భాషల సరిహద్దు. తమిళం, కన్నడం రాసేవారికీ 'క' అదే మీట మీద ఉంటుంది, కాబట్టి ఒకే తరగతి సరిపోతుంది. డీటీపీ షాపుల్లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే నడుస్తున్నాయి కదా అంటారు. నిజమే, కానీ ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఆ అక్షరాలు పిచ్చిగీతలైపోతాయి. ముందు యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి, రానివ్వండి.

లోపలికి ఫోన్ రాదు కనుక యూపీఐ తెరలను సర్వరు మీద ఉత్తుత్తి పేజీలుగా పెట్టండి. "మీకు 5,000 వస్తాయి, పిన్ కొట్టండి" అనే పేజీ తప్పకుండా ఉండాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని చేతితో చేసి తెలుసుకోవాలి. మోసపోతే వెంటనే ఫోన్ చేయాల్సిన నంబరు 1930. దాన్ని ఇంటికి పట్టుకెళ్లే కాగితం మీద పెద్దక్షరాల్లో అచ్చు వేయించండి.