టీ బ్రేక్‌లో దొరికిన మాట

హోస్ట్: అందరికీ నమస్తే. మైలాపూర్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని మాట్లాడుతున్నాం, మధ్యలో కుక్కర్ కూత వినబడితే ఏమనుకోకండి. ఇవాళ వచ్చినాయన చెన్నైలోనే ఒక తెలుగు పత్రికలో సబ్ ఎడిటర్. ఇరవై ఏళ్ళ పైబడి డెస్క్‌లో, అంటే వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే చోట, ఉన్నారు. గే. ఆఫీసులో కొందరికి తెలుసు, ఊళ్ళో నాన్నగారికి తెలీదు. అందుకే పేరు చెప్పడం లేదు, అన్నా అని పిలుస్తాను. అన్నా, గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి ఎల్జీబీటీ జర్నలిస్టులకని విడిగా సమావేశాలెందుకు? ప్రెస్ క్లబ్ చాలదా?

అతిథి: నేనూ అదే అనేవాణ్ణమ్మా. 2023 మొదట్లో ఒక స్నేహితుడు రమ్మంటే, "వెళ్ళి ఏడ్చి రావడమేగా" అన్నాను. ఇక్కడే చెన్నైలో, తరమణిలో ఒక హాలు, రెండు రోజులు. మీడియా వర్క్‌షాప్ అని చెప్పి సెలవు పెట్టాను. అబద్ధమేం కాదు కదా! అక్కడ రెండు రంగుల తాళ్ళ బ్యాడ్జీలిచ్చారు. ఎర్ర తాడు వేసుకున్నవాళ్ళని ఎవరూ ఫొటో తీయకూడదు. నేను ఎర్రదే తీసుకున్నాను.

హోస్ట్: భయం ఉందన్నమాట.

అతిథి: లేకేం? రెండో రోజు పొద్దున బ్యాడ్జీ మెళ్ళో వేసుకునే తిరుమయిలై స్టేషన్‌లో రైలెక్కాను. మధ్యలో గుర్తొచ్చి కార్డు జేబులోకి తోసేశాను. తాడు మాత్రం బయటే వేలాడుతోంది. ఎదురుగా మల్లెపూలు మాల కడుతున్న ఆవిడ దాన్నే చూస్తోందని ఒకటే టెన్షన్. నిజానికి ఆవిడ పూల మీద నుంచి తలెత్తితే ఒట్టు.

హోస్ట్: ఈ సమావేశాలు మొదట ఎవరు పెట్టారు?

అతిథి: నాకు తెలిసిన పాత కథ అమెరికాది. లెరాయ్ ఆరన్స్ అని ఓక్లాండ్ ట్రిబ్యూన్‌లో పెద్ద ఎడిటర్. గే, లెస్బియన్ జర్నలిస్టుల పరిస్థితి మీద ఆయన సర్వే చేశాడు. 1990లో దేశంలోని ఎడిటర్లందరి సభలో దాన్ని చదువుతూ, నేనూ గేనే అని చెప్పేశాడు. అదే ఏడాది ఎన్‌ఎల్‌జీజేఏ అని గే, లెస్బియన్ జర్నలిస్టుల సంఘం పెట్టాడు. 1992లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్ళ మొదటి మహాసభ. ఇప్పటికీ నడుపుతున్నారు. పదాలెలా వాడాలో చెప్పే స్టైల్‌బుక్ కూడా ఉంది. చూడు, మొదలయ్యిందే ఒక సభలో నిలబడి నోరు తెరవడంతో.

హోస్ట్: సరే, తరమణిలో మీకేం దొరికింది?

అతిథి: ముందు ఒక జవాబు దొరికింది. మా పాత ఆఫీసులో ఎల్జీబీటీ వార్త నేను తీసుకుంటానంటే, "నువ్వు నిష్పక్షపాతంగా రాయలేవు" అని పక్కన పెట్టేవాళ్ళు. పదేళ్ళు నోరు మూసుకున్నాను. అక్కడ ఒకమ్మాయి అడిగింది: "2015 వరదల్లో ఇంట్లోకి మోకాళ్ళలోతు నీళ్ళొచ్చిన రిపోర్టర్నే వరద వార్తకి పంపారు. నీకు వరద మీద పక్షపాతం అని ఎవరన్నా అన్నారా?" హాలంతా నవ్వింది. నాకు మాత్రం పదేళ్ళ కోపం వచ్చింది.

హోస్ట్: బాగుంది! ఇంకా?

అతిథి: మాట. అసలు లాభం అదే. ఉపన్యాసాల్లో సగం నాకు గుర్తు లేవు, నిజం చెప్తున్నా. టీ బ్రేక్‌లో ఒక తమిళ డెస్క్ కుర్రాడు కాగితాలు తీసి చూపించాడు. 2021లో మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఎల్జీబీటీ మనుషుల గురించి ఒక తీర్పిచ్చారు. నాకీ విషయం సరిగ్గా తెలియదని ఒప్పుకుని, సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకుని మరీ ఇచ్చారు. ఆ కేసులో భాగంగానే తమిళనాడు ప్రభుత్వం 2022 ఆగస్టులో, ఈ మనుషులను గౌరవంగా ఎలా పిలవాలో పదాల పట్టిక విడుదల చేసింది. తమిళంలో ట్రాన్స్ స్త్రీకి తిరునంగై, ట్రాన్స్ పురుషుడికి తిరునంబి లాంటి మాటలు జనం నోళ్ళలోకి వచ్చేశాయి. మా డెస్క్‌లో ఏముంది? "స్వలింగ సంపర్కులు". మనిషిని తీసుకెళ్ళి పడకగదికి కట్టేసే మాట.

హోస్ట్: కానీ అన్నా, మీరే వాడారు కదా?

అతిథి: వాడాను. 2018 సెప్టెంబర్ 6 రాత్రి, ఐపీసీ 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పుకి "స్వలింగ సంపర్కం నేరం కాదు" అని హెడ్డింగ్ పెట్టింది ఈ చేత్తోనే. ఆ రోజుకి అది తప్పు కాదు, ఎందుకంటే సెక్షన్ ఉన్నదే సంపర్కం గురించి. కానీ 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటల పెళ్ళి మీద తీర్పు ఇచ్చింది. మా డెస్క్‌లో మళ్ళీ "స్వలింగ సంపర్కుల పెళ్ళి" అని హెడ్డింగ్ పెట్టేశారు. అప్పుడు మా డెస్క్ పెద్దాయన ముందు నోరు తెరిచాను. "సార్, మీ అమ్మాయి శుభలేఖలో సంపర్కం అని వేయిస్తారా?"

హోస్ట్: అయ్యో, అంత మాటన్నారా!

అతిథి: ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. తర్వాత ఏమీ అనకుండా "స్వలింగ జంటల పెళ్ళి" అని దిద్దారు. తరమణి వెళ్ళకపోతే ఆ రాత్రి కూడా టీ తాగి ఇంటికెళ్ళిపోయేవాణ్ణి.

హోస్ట్: ఉద్యోగాల పరంగా?

అతిథి: పరిచయాలవుతాయి, ఎక్కడ ఖాళీలున్నాయో తెలుస్తుంది. అన్ని సమావేశాల్లోనూ ఉండేదే. అంతకన్నా, ఏ ఆఫీసులో మనుషులెలా ఉంటారో చెవిలో చెప్పేవాళ్ళు దొరుకుతారు. అది నాకు ఎక్కువ పనికొచ్చింది.

హోస్ట్: నచ్చనిది?

అతిథి: ఇంగ్లీషు. రెండు రోజులూ ఇంగ్లీషే. కడప నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చే స్ట్రింగర్‌కి, అంటే జీతం లేకుండా వార్తకింతని తీసుకునే విలేకరికి, రైలు చార్జీ ఎవరిస్తారు, సెలవెవరిస్తారు? వచ్చినా వెనక వరసలో కూర్చుంటాడు. నేనూ అక్కడే కూర్చున్నాను. అక్కడే ఒక తెలుగమ్మాయి కలిసింది, జిల్లా రిపోర్టర్. షెడ్యూల్ కాగితం వెనక ఇద్దరం తెలుగు మాటలు రాసుకున్నాం. ఇంగ్లీషులో ఒక్క మనిషిని హీ, షీ అనకుండా "దే" అనాలా అని అక్కడ గంటసేపు చర్చ. తెలుగులో మనకా బాధే లేదు, "వారు వచ్చారు", అంతే. ట్రాన్స్ మనిషికి ఆ గౌరవం ఇవ్వాలని గుర్తుండటమే కష్టం.

హోస్ట్: ఆ అమ్మాయితో ఇంకా మాట్లాడుతుంటారా?

అతిథి: నిన్న రాత్రి పదకొండింటికి ఒక ట్రాన్స్ మనిషి వార్త ఫొటో తీసి పంపింది. "అన్నా, ఓకేనా?" అని. మొదటి వాక్యంలో "వారు" అని చక్కగా రాసింది. చివరికొచ్చేసరికి "వెళ్ళిపోయాడు" అని ఉంది. దిద్ది పంపాను. పేజీ అప్పటికే ప్రింటుకి వెళ్ళిపోయిందట, సిటీ ఎడిషన్‌లో మారుస్తానంది.