పరుగెత్తి వచ్చి లంగరేసుకునే ఓడలు

(జాతీయ నౌకాయాన దినోత్సవం సందర్భంగా నెల్లూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలున్నారు. కింద ముత్తుకూరు నుంచి, జువ్వలదిన్నె నుంచి, చీమకుర్తి నుంచి వచ్చినవాళ్ళున్నారు. పేరుపేరునా చెప్పబోతే నాకిచ్చిన టైములో సగం అక్కడే పోతుంది. అందరికీ కలిపి ఒకటే దండం.

1919 ఏప్రిల్ 5న మన దేశపు సింధియా కంపెనీ ఓడ ఎస్.ఎస్. లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఈ రోజు పండగ అందుకే. ఆహ్వానపత్రంలో నా అంశం 'ఓడలకు భవిష్యత్తు ఇంధనాలు' అని వేశారు. ఇంధనాల దగ్గరికీ వస్తాను. కానీ ఏ కొత్త ఇంధనమూ లేకుండా ఇప్పుడే తగ్గించగల పొగ ఒకటుంది. రేవు ఎదురుగా లంగరేసుకుని వంతు కోసం చూస్తున్న ఓడల పొగ. ఆ వంతు కోసం దారి పొడవునా పరుగెత్తినప్పుడు వదిలిన పొగ. ముందు దాని సంగతి తేలాలి.

లెక్కలు క్లుప్తంగా చెబుతాను. ప్రపంచం మొత్తం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో ఓడల వాటా దాదాపు 3 శాతం. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, అంటే ఐఎంఓ, 2023 జూలైలో ఒక మాట ఇచ్చింది: 2008తో పోలిస్తే 2030కి కనీసం 20 శాతం, 2040కి కనీసం 70 శాతం తగ్గిస్తామని, 2050 ప్రాంతానికి నికరంగా సున్నాకు తెస్తామని. ఆ మాట నిలబెట్టేందుకు ఓడల పొగకు రేటు కట్టే నిబంధనలు 2025 అక్టోబరులో ఆమోదానికి వస్తే నిర్ణయాన్ని ఏడాది వాయిదా వేశారు. ఐఎంఓ ఉండే లండన్‌లో వాయిదా పడితే పడింది, మన కృష్ణపట్నం రేవులో పని ఎందుకు ఆగాలి?

బొగ్గు ఓడనే తీసుకోండి. ఇండొనేషియా నుంచి 2,400 నాటికల్ మైళ్ళు రావాలనుకుందాం. 12 నాట్ల వేగంతో, అంటే గంటకు 12 నాటికల్ మైళ్ళ చొప్పున వస్తే 200 గంటలు పడుతుంది. రోజుకు 24 టన్నుల చొప్పున మొత్తం 200 టన్నుల నూనె కాలుతుంది. అదే ఓడ 10 నాట్లతో వస్తే 240 గంటలు. ఇంజన్ మీద పడే భారం వేగాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన మారుతుంది కాబట్టి రోజు ఖర్చు 14 టన్నులకు దిగుతుంది, ప్రయాణం మొత్తానికి 140. అరవై టన్నుల నూనె మిగిలింది. టన్ను నూనె కాలితే మూడు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్క ప్రయాణంలో 180 టన్నులకు పైగా తగ్గినట్టు. ఆలస్యం ఎంత? నలభై గంటలు. బెర్తు, అంటే ఓడను కట్టి సరుకు దించే చోటు, ఖాళీ లేక ఓడ బయట రెండు రోజులు లంగరేసుకునే పక్షంలో ఆ నలభై గంటల వల్ల ఎవరికీ నష్టం లేదు.

మరి ఎందుకు పరుగెత్తుతారు? కెప్టెన్‌కు తెలియక కాదు. ఒప్పందం అలా ఉంది. చార్టర్ పార్టీలో, అంటే ఓడ అద్దె ఒప్పందంలో, 'వీలైనంత త్వరగా చేరాలి' అన్న షరతు ఉంటుంది. నెమ్మదిగా వస్తే ఓడ యజమాని మాట తప్పినట్టు. పైగా రేవు చేరగానే కెప్టెన్ 'నోటీస్ ఆఫ్ రెడీనెస్' ఇస్తాడు, సరుకు దించడానికి ఓడ సిద్ధం అన్న కాగితం. సరుకు దించే గడువు లెక్క దాన్నిబట్టే మొదలవుతుంది, గడువు దాటితే డెమరేజ్, అంటే ఆలస్యానికి కట్టే సొమ్ము. చాలా రేవుల్లో వరసలో చోటు కూడా దాన్నిబట్టే. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టన్నమాట. ముందు వేసినవాడిదే సీటు. ఆ తువ్వాలు కోసం అరవై టన్నుల నూనె తగలబెడుతున్నారు! ఇది ఇంజనీరింగ్ సమస్య కాదండీ, కాగితం సమస్య. బిమ్‌కో అనే అంతర్జాతీయ ఓడల సంఘం 2021లోనే దీనికి నమూనా షరతు రాసిపెట్టింది: బెర్తు ఫలానా వేళకు ఖాళీ అవుతుందని తెలిస్తే ఓడ ఆ వేళకే రావచ్చు, అది మాట తప్పడం కాదు అని. రేవు చేయాల్సిందల్లా బెర్తు ఖాళీ అయ్యే వేళను మూడు రోజుల ముందు చెప్పడం, మారితే మళ్ళీ చెప్పడం, ముందొచ్చిన ఓడకు కాకుండా చెప్పిన వేళకు వచ్చిన ఓడకు వంతు ఇవ్వడం. బొగ్గు తెప్పించుకునే కంపెనీలు ఒప్పందంలో ఆ షరతు పెట్టాలి. అంతే.

నెమ్మదిగా నడపడంలో ఇబ్బందులు లేవని చెప్పను. తక్కువ లోడులో టర్బోచార్జర్ ఇంజన్‌లోకి తోసే గాలి చాలక బ్లోయర్లు ఆన్ అవుతాయి. పొగగొట్టంలో పొగ వేడిని వాడుకునే ఎకనమైజర్ గొట్టాలకు మసి పడుతుంది, తుడవకపోతే దానికి నిప్పంటుకుంటుంది. అందుకని రోజుకోసారి కాసేపు లోడు పెంచి మసి ఊదేయాలి, సిలిండర్ ఆయిల్ మోతాదు సరిచూడాలి. ఇవన్నీ ఇంజన్ రూములో తెలిసిన పనులే.

లంగరేసుకుని నిలబడితే ఇంకో నష్టముంది. జువ్వలదిన్నె నుంచి వచ్చినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కదలకుండా ఉన్న పడవ అడుగున నాచు, గుల్లలు పడతాయి. మన సముద్రం వెచ్చన. పడవకు పూసే రంగు నీళ్ళలో కదులుతుంటేనే సరిగ్గా పనిచేస్తుంది. రోజుల తరబడి నిలబడిన ఓడ తర్వాతి ప్రయాణంలో అదే వేగానికి ఎక్కువ నూనె తాగుతుంది. మీ మరబోట్లకూ ఇదే వర్తిస్తుంది: పంకా రెక్కలు గీకి నున్నగా ఉంచితే డీజిల్ మిగులుతుంది.

ఇక బెర్తు దగ్గరికి వద్దాం. ముందొక మాట. ఊళ్ళ మీద పడే బొగ్గు దుమ్ము వేరు, ఓడ పొగ వేరు. దుమ్ముకు మందు నీళ్ళు చల్లడం, కన్వేయర్లు మూయడం. పొగ ఓడ జనరేటర్లది. బెర్తులో ఉన్నా దీపాలకు, పంపులకు, బలాస్టుకు (ఓడ నిలకడ కోసం నింపే నీళ్ళకు) ఓడకు నాలుగైదు వందల కిలోవాట్లు కావాలి. 500 కిలోవాట్లు రోజంతా నడిస్తే రెండున్నర టన్నుల నూనె. ఒడ్డు నుంచి కరెంటు ఇస్తే ఈ జనరేటర్లు ఆపేయొచ్చు.

తీగ లాగి ప్లగ్గు పెడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. మన గ్రిడ్ 50 హెర్ట్జ్. ఎక్కువ ఓడలు 440 వోల్టులు, 60 హెర్ట్జ్. మన 415 వోల్టుల కరెంటు అలాగే ఇస్తే ఓడ మోటార్లు ఆరో వంతు నెమ్మదిస్తాయి, పంపులు సరిపడా నీళ్ళు తోడవు, వైండింగులు వేడెక్కి కాలతాయి. కాబట్టి సబ్‌స్టేషన్ తర్వాత 50 హెర్ట్జ్‌ను 60కి మార్చే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ ఉండాలి. ఈ ఏర్పాటులో ఖరీదైన సామాను అదే. తర్వాత ఓడ కరెంటును ఒడ్డు కరెంటు నుంచి వేరుగా ఉంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, 6.6 కిలోవోల్టుల సాకెట్టు. అంత వోల్టేజి ఎందుకంటే, 500 కిలోవాట్లను 440 వోల్టుల్లో ఇవ్వాలంటే 800 ఆంపియర్లు దాటుతుంది, లావుపాటి కేబుళ్ళు నాలుగైదు మోయాలి. 6.6 కిలోవోల్టుల్లో 55 ఆంపియర్లే, ఒక్క కేబుల్ చాలు.

ఆ కేబుల్ దగ్గరే తప్పులు జరుగుతాయి. బొగ్గు దించే కొద్దీ ఓడ ఆరేడు మీటర్లు పైకి లేస్తుంది. కేబుల్‌కు వదులు లేకపోతే తెగుతుంది. అందుకని లాగుడు పసిగట్టి కరెంటు ఆపేసే ఏర్పాటుండాలి. సాకెట్టు గుంతలో ఉప్పు తేమ మీద బొగ్గు పొడి పేరుకుంటే ఇన్సులేటర్ మీదుగా నిప్పురవ్వలు పాకుతాయి. క్రమం కూడా ముఖ్యం: ముందు ఎర్త్ బంధం, తర్వాత ప్లగ్గు, తర్వాత ఓడ జనరేటర్‌తో సింక్రనైజ్ చేసి, అంటే రెండు కరెంటుల లయ కలిపి, లోడు నెమ్మదిగా ఒడ్డుకు మార్చడం, ఆఖరున జనరేటర్ ఆపడం.

ఇక్కడ నిజం దాచను. మన గ్రిడ్ యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఓడ జనరేటరూ దాదాపు అంతే. నేలటూరు థర్మల్ కేంద్రం బొగ్గు కరెంటే ఓడకిస్తే బెర్తు దగ్గర మసి, గంధకం, నైట్రోజన్ ఆక్సైడ్లు పోతాయి. ఊపిరికి అది పెద్ద మేలే. కానీ వాతావరణానికి ఒరిగేది లేదు. సౌర, పవన విద్యుత్ ఒప్పందం జతచేస్తేనే లెక్క మారుతుంది.

ఇంకో చిక్కు, బొగ్గుకు వచ్చేవి అద్దె ఓడలు. ఈసారి వచ్చింది మళ్ళీ రాకపోవచ్చు, వాటిలో చాలావాటికి ఆ సాకెట్టే ఉండదు. అందుకే మొదలు టగ్గులతో, అంటే ఓడలను లాగి బెర్తుకు చేర్చే చిన్న పడవలతో పెట్టాలి. అవి మనవే, రోజూ అదే చోట కట్టేవే. కేంద్రం 2024లో హరిత టగ్గుల పథకం మొదలుపెట్టి తొలి దశకు కాండ్లా, జవహర్‌లాల్ నెహ్రూ, పారాదీప్, తూత్తుకుడి రేవులను ఎంచింది. అన్నీ కేంద్రం కింది మేజర్ పోర్టులే. మన రేవు రాష్ట్రం పరిధిలోది కాబట్టి ఆ జాబితాలో లేదు. గాలికి మేజరూ మైనరూ ఉంటుందా? రాష్ట్రం రేవులను చూసే మన మారిటైమ్ బోర్డు అలాంటి పథకం ఎందుకు పెట్టదని మీరు అడగాలి.

ఇంధనాలు, మాటిచ్చాను కాబట్టి. మెథనాల్ మామూలు ఉష్ణోగ్రతలో ద్రవమే, కానీ ట్యాంకు రెండున్నర రెట్లు కావాలి. అమోనియాలో కార్బన్ లేదు. మైనస్ 33 డిగ్రీల్లో దాచాలి, కారితే ప్రాణం తీస్తుంది, సరిగ్గా కాలకపోతే నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. ఎల్‌ఎన్‌జీలో, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువులో, కాలకుండా జారిపోయే మీథేన్ లాభాన్ని తినేస్తుంది. బొగ్గుతోనో గ్యాసుతోనో చేసిన మెథనాల్, అమోనియా పోస్తే పొగ ఓడ మీది నుంచి ఫ్యాక్టరీకి మారినట్టే.

రొయ్యల రైతులు వెనక వరసలో ఉన్నారు, ఇది మీకు. 2024 నుంచి యూరప్ తన రేవులకొచ్చే ఓడల కార్బన్‌కు రేటు కడుతోంది. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణంలో సగం లెక్కేస్తుంది. షిప్పింగ్ లైన్లు దాన్ని కంటైనర్ మీద సర్‌చార్జిగా వేస్తున్నాయి. మైనస్ 18 డిగ్రీల్లో పోయే వనామీ పెట్టె మీద కూడా. మీ ఎగుమతిదారు బిల్లులో ఆ సర్‌చార్జి ఎంతుందో అడిగి చూడండి.

రామాయపట్నం రేవు గురించి ఒక్కటే. ఇక ముందు పోసే ప్రతి బెర్తు కాంక్రీటులోనూ ఇప్పుడే కేబుల్ డక్టులు, సాకెట్టు గుంతలు వదలాలి, సబ్‌స్టేషన్‌కు జాగా ఉంచాలి. పైపులు ముందే వేస్తే అయ్యే ఖర్చు కొద్ది. పోసిన డెక్కు తర్వాత పగలగొట్టాలంటే బెర్తు మూసేసి పగలగొట్టాలి. బయట బల్ల మీద మారిటైమ్ బోర్డుకు పంపే వినతిపత్రం ఉంది. బెర్తు వేళల ప్రకటన, టగ్గులకు ప్లగ్గు, డక్టులు, ఈ మూడే రాశాం. చదివి, సరేననిపిస్తే ఊరి పేరుతో సహా సంతకం చేయండి.