గుండ్ల కొరత నుంచి గుండ్ల వర్షం దాకా: మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాలు

[తెరపై: ఉత్తర ఫ్రాన్స్ పటం; నవ్ షాపెల్ గ్రామం దగ్గర ఎర్ర గుర్తు]

వ్యాఖ్యాత: 1915 మార్చి 10న ఉదయం ఏడున్నర గంటలకు ఉత్తర ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ అనే చిన్న గ్రామం మీద బ్రిటిష్ సైన్యపు ఫిరంగులు మూడు వందలకు పైగా ఒక్కసారిగా గర్జించాయి. ముప్పై ఐదు నిమిషాల తరువాత కాల్బలం కందకాలు దాటి ముందుకు కదిలింది. ఆ కాల్బలంలో దాదాపు సగం మంది భారతీయులు. గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన గబర్ సింగ్ నేగి ఈ పోరులోనే ప్రాణాలర్పించి, మరణానంతరం విక్టోరియా క్రాస్ పొందాడు. తొలి రోజు ఉదయమే గ్రామం చేజిక్కింది. అయితే టెలిఫోను తీగలు తెగిపోయి ఆజ్ఞలు సకాలంలో అందలేదు, ఈలోగా జర్మన్లు అదనపు బలగాలను తెచ్చుకున్నారు, ఫిరంగి గుండ్లు తరిగిపోయాయి. మూడు రోజులకే దాడి ఆగిపోయింది. బ్రిటిష్, భారతీయ సైనికులు కలిపి పదకొండు వేల మందికి పైగా మరణించారు లేదా గాయపడ్డారు. వారిలో భారతీయులు నాలుగు వేల పైచిలుకు.

ప్రపంచంలోనే మొట్టమొదట పారిశ్రామిక విప్లవాన్ని చూసిన దేశం, యుద్ధం మొదలైన ఏడు నెలలకే తన ఫిరంగులకు గుండ్లు అందించలేకపోయింది. ఆ కొరతను బ్రిటన్ ఎలా తీర్చుకుందో, ఆ పనిని ఎవరి చేతులు చేశాయో, ఆ చేతులకు చివరికి ఏమి దక్కిందో ఈ వీడియోలో చూద్దాం.

[తెరపై: ఫిరంగి గుండు నిలువుకోత బొమ్మ, ఉక్కు తొడుగు, రాగి పట్టీ, మందు, ఫ్యూజు ఒక్కొక్కటిగా వెలుగుతాయి]

వ్యాఖ్యాత: 1914కు ముందు బ్రిటన్ ఊహించుకున్న యుద్ధం వేరు. బయలు ప్రదేశంలో వేగంగా కదిలే చిన్న సైన్యాల పోరును దృష్టిలో పెట్టుకుని, ఆ సైన్యం ప్రధానంగా ష్రాప్‌నెల్ గుండ్లను సిద్ధం చేసుకుంది. గాలిలోనే పేలి సీసపు గోళీలను కిందికి చిమ్మే ఈ గుండు, ఆరుబయట నిలబడిన సైనికులకు ప్రాణాంతకమే గాని, నేలను తవ్వి కందకాల్లో దాక్కున్నవారిని ఏమీ చేయలేదు. కందకాలను కూల్చడానికి నేలను తాకి పేలే బలమైన విస్ఫోటక గుండ్లు కావాలి. బ్రిటిష్ సైన్యంలో అత్యధికంగా వాడిన, పద్దెనిమిది పౌండ్ల బరువున్న గుండ్లు వేసే ఫిరంగికి యుద్ధారంభంలో అటువంటి గుండు ఒక్కటి కూడా లేదు.

పైగా గుండు తయారీ ఒకే చోట ముగిసే పని కాదు. ఉక్కు తొడుగును లేత్ యంత్రం మీద వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కాలి, దాని చుట్టూ రాగి పట్టీ బిగించాలి, లోపల టీఎన్‌టీ వంటి పేలుడు మందు నింపాలి, కొనకు ఆ మందును పేల్చే ఇత్తడి ఫ్యూజు అమర్చాలి. గుండును ఫిరంగి గొట్టం నుంచి తోసే కార్డైట్ అనే మందును మరొక చోట తయారు చేయాలి. వీటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా మిగిలినవన్నీ గోదాముల్లో పడి ఉండవలసిందే. యుద్ధ శాఖ మాత్రం తనకు అలవాటైన కొద్దిపాటి సంస్థలకే ఆర్డర్లు ఇస్తూ వచ్చింది. అదే సమయంలో యుద్ధ మంత్రి కిచెనర్ పిలుపు అందుకుని వేలాది టర్నర్లు, ఫిట్టర్లు, గని కార్మికులు సైన్యంలో చేరిపోయారు. కర్మాగారంలో లేత్ ముందు ఉండవలసిన మనిషిని కందకంలోకి పంపి, అతడికి కావలసిన గుండ్లను చేసేవారు లేకుండా చేయడం ఆనాటి పాలకుల పెద్ద తప్పిదమని నా అభిప్రాయం.

[తెరపై: 1915 మే నెల నాటి లండన్ దినపత్రికలు]

వ్యాఖ్యాత: మే 9న ఓబెర్స్ గుట్ట మీద జరిగిన దాడి మరింత ఘోరంగా విఫలమైంది, ఒక్క రోజులో పదకొండు వేల మంది మరణించడమో గాయపడడమో జరిగినా, చెప్పుకోదగ్గ భూమి ఏదీ చేజిక్కలేదు. అయిదు రోజుల తరువాత టైమ్స్ పత్రికలో సైనిక విలేకరి రెపింగ్టన్ రాసిన వార్త వెలువడింది. విస్ఫోటక గుండ్లు కావలసినన్ని లేకపోవడమే ఈ వైఫల్యానికి కారణమని ఆ వార్త నేరుగా చెప్పింది. మే 21న డైలీ మెయిల్ పత్రిక కిచెనర్‌నే వేలెత్తి చూపింది. జనం ఆ పత్రిక మీదే కోపగించుకుని లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి దగ్గర దాని ప్రతులను తగలబెట్టారు. అయినా ప్రభుత్వం నిలబడలేదు. లిబరల్ ప్రధాని ఆస్క్విత్ మే నెలాఖరులోగా ప్రతిపక్షాన్ని కలుపుకుని సంకీర్ణ మంత్రివర్గాన్ని ఏర్పాటు చేయవలసి వచ్చింది. జూన్‌లో ఆయుధ సరఫరాకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ పుట్టింది. దాని తొలి మంత్రి డేవిడ్ లాయిడ్ జార్జ్.

జులైలో వచ్చిన ఆయుధ చట్టం కార్మికుల చేతులు కట్టేసింది. ప్రభుత్వ అధీనంలోకి వచ్చిన కర్మాగారాల్లో సమ్మెలను నిషేధించారు, వివాదాలను మధ్యవర్తిత్వానికి అప్పగించారు, యజమానుల లాభాల మీద కూడా పరిమితి పెట్టారు. యజమాని ఇచ్చిన అనుమతి పత్రం లేకుండా ఒక కార్మికుడు ఆ పని మానేస్తే, ఆరు వారాల పాటు మరొకచోట ఉద్యోగం దొరకకుండా చేశారు. ఈ అనుమతి పత్రం కార్మికుల్లో ఎంత ఆగ్రహం రేపిందంటే, 1917లో ప్రభుత్వమే దాన్ని రద్దు చేయక తప్పలేదు. యుద్ధం ముగిసే నాటికి ఈ మంత్రిత్వ శాఖ కింద 200కు పైగా జాతీయ కర్మాగారాలు నడిచాయి. స్వేచ్ఛా వ్యాపారమే తన మతమని చెప్పుకున్న దేశంలో ఇది చిన్న మార్పు కాదు.

[తెరపై: వరుసగా నిలిచిన లేత్ యంత్రాలు, టోపీలు, పొడవాటి కోట్లు ధరించిన స్త్రీలు]

వ్యాఖ్యాత: కర్మాగారాలను కట్టవచ్చు, వాటిలో పనిచేసేవారు ఎవరు? అప్పటి వరకు ఏళ్ల తరబడి శిక్షణ పొందిన ఒక పనివాడు మొదటి నుంచి చివరి దాకా చేసే పనిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగాన్ని కొద్ది వారాల్లో నేర్చుకోగల కొత్తవారికి అప్పగించారు. కార్మిక సంఘాలు దీన్ని ఊరికే ఒప్పుకోలేదు. యుద్ధం ముగియగానే పాత పద్ధతులను, పాత హక్కులను తిరిగి నెలకొల్పుతామని ప్రభుత్వం చేత మాట తీసుకున్నాకే, 1915 మార్చిలో ప్రధాన సంఘాలు అంగీకరించాయి. ఆ కొత్తవారిలో ఎక్కువమంది స్త్రీలు. ఆ ఏడాది జులై 17న స్త్రీల ఓటు హక్కు నాయకురాలు ఎమలీన్ పాంక్‌హర్స్ట్, పని చేసే హక్కు కోసం వేలాది స్త్రీలతో లండన్ వీధుల్లో ఊరేగింపు నడిపింది. ఒకప్పుడు ఆమె వర్గం దాడులకు గురైన లాయిడ్ జార్జే ఈసారి వెనుక నుంచి మద్దతిచ్చాడు. ఇళ్లలో పనిమనుషులుగా, బట్టల మిల్లుల్లో కూలీలుగా ఉన్న యువతులు ఎక్కువ కూలి కోసం ఆయుధ కర్మాగారాలకు తరలివచ్చారు. అది వారికి ముందున్న సంపాదన కంటే ఎక్కువే అయినా, పక్కనే అదే పని చేస్తున్న పురుషుడి కూలి కంటే చాలా తక్కువ.

స్కాట్లాండ్, ఇంగ్లండ్ సరిహద్దు మీద గ్రెట్నా దగ్గర కట్టిన కార్డైట్ కర్మాగారం తొమ్మిది మైళ్ల పొడవున విస్తరించింది. దానికి సొంత విద్యుత్ కేంద్రం, సొంత రైలు మార్గాలు ఉండేవి. పనివారి కోసం రెండు కొత్త ఊళ్లనే నిర్మించారు. 1917లో అక్కడ 11,576 మంది స్త్రీలు, 5,066 మంది పురుషులు పనిచేశారు. వారానికి 800 టన్నుల కార్డైట్ అక్కడి నుంచి వెళ్లేది. నైట్రోగ్లిజరిన్‌ను, ఆమ్లంతో పేలుడు పదార్థంగా మార్చిన పత్తిని యువతులు తమ చేతులతోనే కలిపేవారు. తరువాత ఆ ముద్దను ద్రావకంతో మెత్తబరిచి, జంతికల గొట్టంలోంచి పిండిని వత్తినట్టు తీగలుగా తీసేవారు. ఆ ముద్దలో ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో కలిపేవారందరికీ తెలుసు.

[తెరపై: 1916 జూన్, సోమ్ యుద్ధరంగం, ఆకాశం నిండా పొగ]

వ్యాఖ్యాత: ఇంత శ్రమకు తొలి పెద్ద పరీక్ష 1916 వేసవిలో సోమ్ నది దగ్గర ఎదురైంది. జూన్ 24 నుంచి వారం రోజుల పాటు బ్రిటిష్ ఫిరంగులు 15 లక్షలకు పైగా గుండ్లను జర్మన్ కందకాల మీద కురిపించాయి. ఏడాది కిందట కలలో కూడా ఊహించలేని సంఖ్య ఇది. జులై 1 ఉదయం సైనికులు పైకి లేచి నడిచినప్పుడు, చాలా చోట్ల ముళ్లకంచె తెగకుండా అలాగే ఉంది. లోతైన సొరంగ గదుల్లో దాక్కున్న జర్మన్లు మరతుపాకులతో బయటికి వచ్చారు. ఆ ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది మరణించారు, గాయపడ్డారు లేదా గల్లంతయ్యారు; వారిలో మృతులు 19,240 మంది. వేసిన గుండ్లలో ఎక్కువ భాగం ఇంకా ష్రాప్‌నెల్‌వే. మిగిలినవాటిలో చాలా గుండ్లు పేలనే లేదు. తొందరలో తయారైన ఫ్యూజులు పనిచేయకపోవడం, తనిఖీ సరిగా లేకపోవడం ఇందుకు కారణాలు. అంకెలు నింపాలన్న ఆత్రంలో నాణ్యతను పక్కన పెట్టిన ఫలితాన్ని ఆ ఉదయం కందకాల నుంచి లేచిన సాధారణ సైనికులు అనుభవించారు. తనిఖీ ఆ తరువాతే కట్టుదిట్టమైంది. 1917లో వాడుకలోకి వచ్చిన 106వ నంబరు ఫ్యూజు నేలను తాకగానే పేలి, ముళ్లకంచెను ముక్కలు చేయగలిగింది.

[తెరపై: లీడ్స్ దగ్గర బార్న్‌బో కర్మాగారం, పాల క్యాన్లు మోస్తున్న స్త్రీలు]

వ్యాఖ్యాత: కర్మాగారాల్లో మరణాల గురించి ఆ రోజుల్లో జనానికి తెలిసింది చాలా తక్కువ. టీఎన్‌టీతో పనిచేసిన యువతుల చర్మం, జుట్టు పసుపు రంగుకు మారేవి. అందుకే వారిని కేనరీ పిట్టలని పిలిచేవారు. ఆ ముద్దుపేరు వెనుక కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంది. 1916 నుంచి 1918 వరకు దాని వల్ల వచ్చిన విషపు కామెర్ల కేసులు దాదాపు 400 నమోదు కాగా, వందకు పైగా మరణాలు సంభవించాయి. ఈ విషం నుంచి కాపాడుతుందన్న నమ్మకంతో కార్మికులకు పాలు ఇచ్చేవారు; బార్న్‌బో కర్మాగారం ఇందుకోసం సొంతంగా ఆవులనే పెంచింది.

ఆ బార్న్‌బోలోనే 1916 డిసెంబరు 5 రాత్రి పది దాటాక, గుండ్లకు ఫ్యూజులు బిగించే 42వ గదిలో పేలుడు జరిగి 35 మంది స్త్రీలు మరణించారు. జుట్టుకు పిన్ను పెట్టుకోవడం కూడా నిషేధమైన ఆ చోట, ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక గుండు పేలింది. కొద్దిసేపట్లోనే శవాలను తరలించగా, అదే గదిలో పని కొనసాగించడానికి ఇతర స్త్రీలు ముందుకు వచ్చారు. సెన్సారు కారణంగా పత్రికల్లో ఆ వార్త రాలేదు. మరణ ప్రకటనల్లో ప్రమాదంలో చనిపోయారని మాత్రమే ఉండేది. యుద్ధరంగంలో పడిన సైనికుడి పేరు ఊరంతా చెప్పుకునే కాలంలో, ఈ స్త్రీల కుటుంబాలు తమ బిడ్డ ఎలా పోయిందో పదిమందికీ చెప్పుకోలేకపోవడం అన్యాయం.

1917 జనవరి 19 సాయంత్రం తూర్పు లండన్‌లోని సిల్వర్‌టౌన్‌లో దాదాపు 50 టన్నుల టీఎన్‌టీ పేలి 73 మంది చనిపోయారు, వేలాది ఇళ్లు దెబ్బతిన్నాయి. ఇళ్లు కిక్కిరిసిన పేటలో ఆ మందును శుద్ధి చేయించాలని నిర్ణయించింది ప్రభుత్వమే. 1918 జులై 1న నాటింగ్‌హామ్ దగ్గర చిల్వెల్ కర్మాగారంలో 134 మంది మరణించగా, వారిలో 32 మందిని మాత్రమే గుర్తుపట్టగలిగారు.

[తెరపై: 1918 సెప్టెంబరు, హిండెన్‌బర్గ్ రక్షణ రేఖ పటం]

వ్యాఖ్యాత: చివరి సంవత్సరానికి లెక్క పూర్తిగా తారుమారైంది. 1918 సెప్టెంబరు 28 మధ్యాహ్నం నుంచి మరుసటి రోజు మధ్యాహ్నం వరకు, ఇరవై నాలుగు గంటల్లో బ్రిటిష్ ఫిరంగులు 9,40,000కు పైగా గుండ్లు వేశాయి. జర్మన్లు అభేద్యమని నమ్మిన హిండెన్‌బర్గ్ రక్షణ రేఖ సెప్టెంబరు 29న సాన్ కాంతాన్ కాలువ దగ్గర తెగిపోయింది. ఆరు వారాలకు యుద్ధం ముగిసింది.

యుద్ధవిరమణ నాటికి ఆయుధ పరిశ్రమల్లో తొమ్మిది లక్షల మంది వరకు స్త్రీలు పనిచేస్తున్నారు. కొద్ది నెలల్లోనే వారిలో అత్యధికులను ఇంటికి పంపేశారు. కార్మిక సంఘాలకు ఇచ్చిన మాట ప్రకారం 1919లో పార్లమెంటు పాత పద్ధతులను పునరుద్ధరించే చట్టం చేసింది. ఆ మాట ఇచ్చినప్పుడు స్త్రీలను ఎవరూ సంప్రదించలేదు. 1918 ఫిబ్రవరి నాటి చట్టం స్త్రీలకు ఓటు ఇచ్చింది గాని, ముప్పై ఏళ్లు నిండి, ఇల్లు లేదా ఆస్తి అర్హత ఉన్నవారికే. గ్రెట్నాలో కార్డైట్ కలిపిన, బార్న్‌బోలో ఫ్యూజులు బిగించిన యువతుల్లో అత్యధికులు ఇరవైల్లోనో, అంతకంటే చిన్న వయసులోనో ఉన్నారు. పురుషులతో సమానంగా ఇరవై ఒకటో ఏట ఓటు వేసే హక్కు బ్రిటన్ స్త్రీలకు 1928లో గాని రాలేదు.